పదవియు కాయకమే: బి.డి. జత్తి గారి జీవితము నేర్పు పాఠము

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ వినని వీరశైవ గృహము అరుదు. కల్యాణ పట్టణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే వారింట జంగమ దాసోహము జరుగుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ అందులకు సంతోషింపలేదు. అక్కరకు మించినది తమది కాదనియు, మిగిలిన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రావలెననియు చెప్పి భర్తను వెనుకకు పంపెను.

ఈ కథను సాధారణముగా ధనమునకే అన్వయించుట కద్దు. అధికారమునకును ఇది చక్కగా వర్తించును. అధికారము ప్రజల ముంగిటినుండి ఏరి తెచ్చుకొన్న గింజ వంటిది. పనికి చాలినంతయే తీసికొనవలెను. పని ముగిసిన వెంటనే తెచ్చిన చోటనే పోసి రావలెను. చెప్పుటకు ఇది సులభము; ఆచరించుట కష్టము. పదవిలో నున్నవానికి తన మనస్సు ఒకటి చెప్పి, చట్టము వేరొకటి చెప్పినప్పుడు ఆ కష్టము మరియు హెచ్చును. అట్టి ఘడియను దేశమంతయు చూచుచుండగా ఎదుర్కొన్నవారు శ్రీ బసప్ప దానప్ప జత్తి. వారి జీవితమును పొగడ్తకొరకు గాక, పాఠము కొరకు పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

సంస్థానమునుండి స్వరాజ్యమునకు

జత్తి గారు 1912 సెప్టెంబరు 10న జమఖండి తాలూకా సావళగి గ్రామమున ఒక లింగాయత కుటుంబమునందు జన్మించిరి. బసవేశ్వరుని జన్మస్థలమైన బాగేవాడియు, ఐక్యస్థలమైన కూడలసంగమమును పూర్వపు బిజాపురము జిల్లాలోనివే. జమఖండియు ఆ సీమలోనిదే. జత్తి గారు కొల్హాపురమున న్యాయశాస్త్రము చదివి, జమఖండిలో న్యాయవాద వృత్తి నవలంబించిరి. 1940లో ఆ ఊరి పురపాలక సంఘమున సభ్యులై, 1945లో దానికి అధ్యక్షులైరి. తరువాత ఉపరాష్ట్రపతి పదవి నలంకరించిన ఈ నాయకుడు ప్రజాసేవలో మొదట చూచినది ఒక చిన్న ఊరి వీధులను, ఆ వీధుల అక్కరలను.

జమఖండి అప్పుడు పట్వర్ధన్ వంశీయుల ఏలుబడిలోని చిన్న సంస్థానము. జత్తి గారు సంస్థాన శాసనసభకు ఎన్నికై, మంత్రియై, 1948లో ముఖ్యమంత్రియైరి. ఆ సంవత్సరము మార్చి 8న జమఖండి బొంబాయి రాష్ట్రమున విలీనమయ్యెను. సంస్థానముతోపాటు దాని ముఖ్యమంత్రి పదవియు అంతరించెను. జత్తి గారు తిరిగి నల్లకోటు తొడిగి ఇరువది మాసములు వకీలుగా పనిచేసిరి. ఆ పిదపనే విలీన ప్రాంతమునకు ప్రతినిధిగా బొంబాయి శాసనసభకు నియమింపబడి, ముఖ్యమంత్రి బి.జి. ఖేర్ గారికి పార్లమెంటరీ కార్యదర్శియైరి.

అదే 1948లో సెప్టెంబరు వరకు హైదరాబాదు సంస్థానము విలీనమునకు సమ్మతింపకుండుట వలన ప్రజలు పడిన బాధలు తెలంగాణ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. సింహాసనము, దివాన్‌గిరి, జాగీరు అనునవి చేతినుండి జారునప్పుడు మనుష్యుడు ఎట్లు ప్రవర్తించునో అదియే అతని నాయకత్వమునకు మొదటి పరీక్ష. దేశము ఒకటి కావలెనన్నచో చిన్న చిన్న పీఠములు కరగక తప్పదు. తన పీఠము కరిగిన మరునాడు తన వృత్తికి తాను మరలుట జాతీయాదర్శమును ఉపన్యాసమున గాక ఆచరణమున చూపుట.

భూమి చట్టము: సొంతవారిని నొప్పించు కర్తవ్యము

1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు జమఖండి మైసూరు రాష్ట్రమున చేరెను. 1957లో కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టములను పరిశీలించుటకు ఏర్పడిన సంఘమునకు జత్తి గారు అధ్యక్షులైరి. 1958 మే 16న ముఖ్యమంత్రియై 1962 మార్చి వరకు ఆ పదవి నిర్వహించిరి. 1961లో మైసూరు భూసంస్కరణల చట్టము ఆమోదింపబడెను. దానికి మూలము ఆ సంఘముయొక్క నివేదికయే.

ఇందొక సూక్ష్మము గలదు. ఉత్తర కర్ణాటకమున భూవసతి గల కుటుంబములలో లింగాయతులు అనేకులు. కౌలుదారునకు హక్కు కల్పించి, భూమికి పరిమితి విధించు చట్టము తన సీమవారికిని, తన సమాజమువారికిని నొప్పి కలిగించునదియే. అయినను పునాది వేయుటకు వారు వెనుదీయలేదు. ఆ చట్టమునందు మినహాయింపులు పెక్కులుండెను. అది అమలునకు వచ్చుటకు 1965 అక్టోబరు 2 వరకు పట్టెను. కౌలుదారులకు నిజమైన మేలు కలిగినది 1974లో దేవరాజ్ అరసు ప్రభుత్వము చట్టమును సవరించి భూ న్యాయస్థానములను నెలకొల్పిన తరువాతనే. కావున జత్తి గారి పనిని సంపూర్ణ విజయమనరాదు. తొలి సాలు తోలినవారు వారు. పంట కోసినవారు ఇతరులు. ఏ సంస్కరణమునందైనను సాధారణముగా జరుగునది ఇదియే. పేరు తనకే దక్కవలెనను ఆశ గలవాడు తొలి సాలు తోలనే తోలడు.

1962 ఎన్నికల అనంతరము ఎస్. నిజలింగప్ప గారు ముఖ్యమంత్రి కాగా, వారి మంత్రివర్గమున జత్తి గారు ఆర్థిక మంత్రిగా చేరిరి. మొన్నటివరకు రాష్ట్రమునకు అధిపతిగా నుండినవాడు వేరొకరి నాయకత్వము క్రింద పనిచేయుట గౌరవభంగమని లోకము తలచును. కాయకమున మేలు, కీడు అను తారతమ్యము లేదని నమ్మిన శరణులు అట్లు తలపలేదు. చెప్పులు కుట్టు హరళయ్యయు, పడవ నడపు అంబిగర చౌడయ్యయు, భండారపు లెక్క చూచు బసవన్నయు అనుభవ మంటపమున ఒకే చాపపై కూర్చుండిరి.

ఒరిస్సాలో ఒక నిర్ణయము

1968లో జత్తి గారు పాండిచ్చేరికి లెఫ్టినెంటు గవర్నరుగను, 1972 నవంబరులో ఒరిస్సాకు గవర్నరుగను నియమితులైరి. 1973 మార్చి మొదట ఫిరాయింపుల వలన నందినీ శత్పథి ప్రభుత్వము ఆధిక్యము కోల్పోయి రాజీనామా చేసెను. ప్రతిపక్ష నాయకుడు బిజూ పట్నాయక్ తనకు ఆధిక్యము గలదని చెప్పిరి. గవర్నరు వారిని ప్రభుత్వ మేర్పరచుటకు పిలువక, రాష్ట్రపతి పాలనకు సిఫారసు చేసిరి. మార్చి 3న రాష్ట్రపతి పాలన వచ్చెను, శాసనసభ రద్దయ్యెను.

ఈ నిర్ణయముపై తీవ్ర విమర్శ వచ్చెను. ఫిరాయింపులతో ఏర్పడు ప్రభుత్వము నిలువజాలదని గవర్నరు భావించిరి. నిలుచునో కూలునో తేల్చవలసినది శాసనసభయే గాని గవర్నరు గారి అంచనా కాదని విమర్శకులు వాదించిరి. ఈ రెండవ వాదమే తరువాతి కాలమున న్యాయముగా స్థిరపడెను. గౌరవనీయుని జీవితమున ఇట్టి ఘట్టము వచ్చినప్పుడు దానిని దాచి చెప్పుట భక్తి కాదు. శరణులు తమ దోషములను తామే వచనములయందు బహిరంగముగా ఒప్పుకొన్నవారు.

1977 ఏప్రిల్: ఒక దినపు తడబాటు

1974 ఆగస్టు 31న జత్తి గారు ఉపరాష్ట్రపతియైరి. ఆ హోదాలో రాజ్యసభకు అధ్యక్షులును అయిరి. వారు ఆ పీఠమున నుండగనే, అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో రాజ్యాంగపు 42వ సవరణము ఆమోదింపబడెను. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ననుసరించియే నడువవలెనని ఆ సవరణము 74వ అధికరణమున స్పష్టముగా చేర్చెను. సుప్రీంకోర్టు 1974లో శంషేర్ సింగ్ కేసున చెప్పినదియు ఇంచుమించు అదియే. ఇప్పుడది అక్షర రూపమున రాజ్యాంగమునకెక్కెను.

1977 ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ పరమపదించిరి. రాజ్యాంగము ననుసరించి జత్తి గారు తాత్కాలికముగా రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించిరి. మార్చి నెలలో లోకసభ ఎన్నికలు జరిగెను. మార్చి 21న అత్యవసర పరిస్థితి ఎత్తివేయబడెను. మార్చి 24న జత్తి గారు మొరార్జీ దేశాయి గారిచే ప్రధానమంత్రిగా ప్రమాణము చేయించిరి. స్వాతంత్ర్యానంతరము కేంద్రమున అధికారము ఒక పక్షమునుండి మరియొక పక్షమునకు మారుట అదియే ప్రథమము. ఆ మార్పు రక్తపాతము లేక, రాజ్యాంగ మర్యాదతో సాగెను.

ఏప్రిల్ నెలలో చిక్కు వచ్చెను. లోకసభ ఎన్నికలలో కాంగ్రెసు ఘోరముగా ఓడిన రాష్ట్రములలో ఆ పక్షపు ప్రభుత్వములకు ఇక ప్రజల విశ్వాసము లేదని జనతా ప్రభుత్వము వాదించెను. హోంమంత్రి చరణ్ సింగ్ తొమ్మిది రాష్ట్రముల ముఖ్యమంత్రులకు లేఖలు వ్రాసి, శాసనసభల రద్దునకు గవర్నర్లకు సలహా ఇండని కోరిరి. ఉత్తరప్రదేశ్, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్, పంజాబు, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒరిస్సా, పశ్చిమ బెంగాలు అను నవియే ఆ తొమ్మిది. వానిలో ఆరు రాష్ట్రములు సుప్రీంకోర్టు నాశ్రయించెను. ఏప్రిల్ 29న న్యాయస్థానము ఆ దావాలను ఏకగ్రీవముగా కొట్టివేసెను. వెంటనే కేంద్ర మంత్రిమండలి ఆ తొమ్మిది శాసనసభల రద్దునకు తాత్కాలిక రాష్ట్రపతికి సలహా పంపెను.

జత్తి గారు ఆనాడు సంతకము చేయలేదు.

దేశమంతట అలజడి రేగెను. మంత్రిమండలి తన సలహాను దృఢముగా మరల తెలిపెను. ఏప్రిల్ 30న జత్తి గారు ప్రకటనపై సంతకము చేసిరి. జరిగిన జాగు ఒక్క దినము. కాని రాజ్యాంగ చరిత్రలో ఆ ఒక్క దినమును గూర్చిన చర్చ నేటికిని ముగియలేదు.

తడబాటును తూచు త్రాసు

ఆ జాగును సమర్థించువారి మాట ఇది. ప్రజలెన్నుకొన్న తొమ్మిది శాసనసభలను ఒక్క సంతకముతో రద్దు చేయుట చిన్న సంగతి కాదు. లోకసభ ఎన్నికలలో ఒక పక్షము ఓడిన మాత్రమున, వేరుగా జరిగిన ఎన్నికలలో అదే ప్రజలిచ్చిన తీర్పు చెల్లకపోవునా? రాష్ట్రపతి కేవలము ముద్ర వేయు యంత్రమా? ఆలోచించుటకు ఒక్క దినమైనను అతనికి అక్కరలేదా?

విమర్శించువారి మాటయు తేలికగా త్రోసివేయదగినది కాదు. చట్టము స్పష్టముగా నున్నది; సుప్రీంకోర్టు అడ్డు తొలగించినది. జత్తి గారు ఓడిన పక్షమునుండి వచ్చినవారు. రాష్ట్రపతి పదవి ఖాళీ పడిన ఆరు మాసములలో ఎన్నిక జరుగవలెను. ఆ ఎన్నికలో శాసనసభ్యులును ఓటర్లే. పాత సభలు నిలిచిన ఒక పక్షమునకు, క్రొత్త సభలు వచ్చిన మరియొక పక్షమునకు లాభము. ఇట్టి తరుణమున జాగు చేయువాడు ఎంత సదుద్దేశ్యముతో చేసినను పక్షపాత నింద తప్పదు. పైగా, 1973లో ఒక శాసనసభ రద్దునకు తానే సిఫారసు చేసినవారు 1977లో తొమ్మిది సభల విషయమున సంకోచించిరి. దీనిని అనుభవమువలన కలిగిన పరిణతి యని ఒకరు, పక్షాభిమానమని మరియొకరు అనవచ్చును.

ఈ రెండు మాటలను బసవేశ్వరుని చరిత్ర వెలుగులో చూడవలెను. బసవన్న బిజ్జలుని కొలువున భండారి. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమువలన తెలుగువారికి ఆ కథ పరిచితమే. రాజధనమును జంగమములకు వ్యయము చేయుచున్నాడని కొండెములు పుట్టినప్పుడు బసవన్న కోపముతో కొలువు వీడలేదు. లెక్క చూపుటకు వెనుదీయలేదు. అడిగినవానికి లెక్క చూపుట భండారి కర్తవ్యము. తరువాత హరళయ్య, మధువరసుల కుటుంబముల వివాహ సంబంధము వలన కల్యాణమున కల్లోలము రేగినప్పుడు, రాజాజ్ఞకును తన ధర్మమునకును పొత్తు కుదరదని తేలగా, ఆయన పదవిని విడిచి కూడలసంగమమునకు వెడలెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది.

ఇందుండి తేలునది ఇది. పదవిలో నున్నవాని యెదుట రెండు ధర్మమార్గములు గలవు. పదవిలో నుండినంతవరకు దాని నియమమును పాటించుట ఒకటి. నియమమును పాటించుట తన అంతరాత్మకు సర్వథా అసాధ్యమైనచో పదవిని విడుచుట రెండవది. పదవిని విడువక, నియమమును పాటింపక, నడుమ నిలిచి పనికి అడ్డుపడుట మూడవ మార్గము. అది ధర్మము కాదు. అట్లని మొదటి మార్గమున నడుచువాడు నోరు మూసికొననక్కరలేదు. అడుగవచ్చును, సందేహము తెలుపవచ్చును, పునరాలోచింపుడని చెప్పవచ్చును. చెప్పిన పిదప, నిర్ణయించు అధికారము గలవారు నిర్ణయించినచో, శిరసు వంచవలెను.

జత్తి గారు చివరకు మొదటి మార్గమునే నడచిరి. వారి దోషమెంత యన్నచో, సందేహమును తెలుపుటకు చట్టము ద్వారము తెరువని చోట, జాగు అనునదే ద్వారమైనది. దోషములో సగము వారిదైనను, మిగిలిన సగము అట్టి ద్వారము నుంచని చట్టముది.

చట్టము నేర్చుకొన్న పాఠము

ఈ మాట కేవలము ఊహ కాదు. 1978లో ఆమోదింపబడిన 44వ సవరణము ఆ ద్వారమును తెరచెను. మంత్రిమండలి సలహాను పునరాలోచించుటకు రాష్ట్రపతి ఒక్కసారి త్రిప్పి పంపవచ్చును. మరల వచ్చిన సలహాను పాటింపవలెను. అడుగు హక్కును, శిరసు వంచు కర్తవ్యమును ఒకే వాక్యమున చేరెను.

1977లో వేసిన దారి అంతటితో ఆగలేదు. 1980 ఫిబ్రవరిలో, కేంద్రమున తిరిగి అధికారమునకు వచ్చిన కాంగ్రెసు ప్రభుత్వము అదే వాదముతో తొమ్మిది శాసనసభలను రద్దు చేయించెను. అప్పటి రాష్ట్రపతి అనంతపురము జిల్లా ఇల్లూరులో జన్మించిన శ్రీ నీలం సంజీవరెడ్డి. వారును సంతకము చేసిరి. ఒక పక్షము తవ్విన గోతిలో మూడేండ్లకు ఆ పక్షమే పడెను. అధికారమున నున్నవారు తమకు అనుకూలముగా నియమమును వంచునప్పుడు, రేపు ఆ వంపు శత్రువుచేతి ఆయుధమగునని మరువరాదు. 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసున సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఈ దారికి గట్టి కట్టడి చేసెను. ఆధిక్యమును తేల్చవలసినది శాసనసభ వేదికపైననియు, రాష్ట్రపతి పాలన ప్రకటనమును న్యాయస్థానము పరిశీలింపవచ్చుననియు, పార్లమెంటు ఆమోదము పొందక పూర్వము శాసనసభను రద్దు చేయరాదనియు తీర్పు చెప్పెను. ఒరిస్సాలో 1973లో పాటింపబడని మర్యాద ఇట్లు ఇరువదియొక్క సంవత్సరములకు దేశపు చట్టమయ్యెను.

పై పీఠమునుండి దిగిన తరువాత

1977 జులై 25న సంజీవరెడ్డి గారు రాష్ట్రపతిగా ప్రమాణము చేసిరి. జత్తి గారు రాష్ట్రపతి బాధ్యతలను అప్పగించి తిరిగి ఉపరాష్ట్రపతి పీఠమున కూర్చుండిరి. 1979 ఆగస్టు వరకు ఆ పని నిర్వహించిరి. రాష్ట్రపతి భవనమునుండి ఒక మెట్టు దిగి, మరల రాజ్యసభను నడపుట ఆ ముఖ్యమంత్రి ఆర్థికమంత్రి అగుట వంటిదే. లక్కమ్మ మాట ప్రకారము, పని ముగిసిన గింజలను తెచ్చిన చోటనే పోసి వచ్చిరి.

పదవులన్నిటికంటె ఎక్కువకాలము నిలిచినది వారు 1964లో స్థాపించిన బసవ సమితి. బెంగుళూరు కేంద్రముగా ఆ సంస్థ శరణుల వచనములను కన్నడేతర భాషలవారికి అందించుటకు పూనుకొనెను. తెలుగుతో సహా అనేక భాషలలోనికి వచనానువాదములు వెలువడుటకు కారణమయ్యెను. ముఖ్యమంత్రిత్వము నాలుగేండ్లది, రాష్ట్రపతిత్వము అయిదు మాసములది. సమితి మాత్రము 2002 జూన్ 7న వారు లింగైక్యులైన పిదపను పని చేయుచునే యున్నది.

జత్తి గారు తమ ఆత్మకథకు 'నాకు నేనే మాదిరి' అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. పైపైన చూచువారికి అది గర్వోక్తివలె వినిపించును. లోతుగా చూచినచో అందు నాయకత్వముయొక్క బరువు కలదు. ఇతరులను మాదిరిగా చూపి తప్పించుకొనుటకు నాయకునికి వీలు లేదు. ఒరిస్సా నిర్ణయమును, ఏప్రిల్ తడబాటును, సంతకమును అన్నియు తన లెక్కలోనే వ్రాసికొనవలెను. ఆ భండారపు లెక్కను ఒకనాడు ఎవరో ఒకరు అడుగుదురు.

మఠములకును, గృహములకును ఈ పాఠము దూరమైనది కాదు. మఠపు ధర్మకర్త, విద్యార్థి వసతిగృహపు కార్యదర్శి, గ్రామపంచాయతీ సభ్యుడు, ఇంటి పెద్ద, అందరును ఎవరో అప్పగించిన అధికారముతో నడుచుచున్నవారే. సభ చేసిన తీర్మానము నచ్చనప్పుడు సంతకము చేయక కాగితమును సొరుగులో దాచు కార్యదర్శులు ఏ ఊరనైనను కలరు. అడిగి, వాదించి, అసమ్మతిని పుస్తకమున వ్రాయించి, పిదప సంతకము చేయువారు తక్కువ. పదవీకాలము ముగిసినను తాళపుచెవులు అప్పగింపనివారును కలరు. కాయకమును పూజగా ఎంచు సమాజమున ఈ రెండు దోషములును సిగ్గుపడదగినవి.

గృహములందును, మఠములందును చర్చింపదగిన ప్రశ్నలు

1. ఆయ్దక్కి లక్కమ్మ మాటను పదవికి అన్వయించినచో, 'అక్కరకు మించిన అధికారము' అనగా నేమి? అట్టిది మీ ఊరి సంస్థలలో ఎచ్చట కనబడుచున్నది?

2. 1977 ఏప్రిల్ 29న సంతకము చేయకుండుట కర్తవ్యమా, కర్తవ్యలోపమా? రెండు పక్షముల వాదములను చెప్పి మీ అభిప్రాయము తెలుపుడు.

3. బసవేశ్వరుడు ఎప్పటివరకు కొలువున నిలిచెను, ఎప్పుడు విడిచెను? పదవిని విడువవలసిన ఘడియను గుర్తించుట ఎట్లు?

4. సొంతవారికి నొప్పి కలిగించు న్యాయమైన పనిని చేయవలసి వచ్చినప్పుడు కుటుంబము ఆ మనిషికి ఎట్లు తోడుపడవలెను?